సినిమా వస్తువుల ప్రతిరూప నిర్మాణం

తెరమీద చూసిన ఆయుధాన్నో కిరీటాన్నో పేటికనో యంత్రాన్నో, ఆ వస్తువుకంటూ తయారీ కిట్టు ఏదీ లేకుండా, ఎక్కువగా విడి ప్లాస్టిక్ షీట్లు కోసి, అతికించి, రంగు వేసి అదే రూపంలో మళ్లీ నిర్మించే హస్తకళను సినిమా వస్తు ప్రతిరూప నిర్మాణం అంటారు. పరిశ్రమలో ఇలాంటి వస్తువులను ‘ప్రాపర్టీ’ అని పిలుస్తారు. వాటిని రూపొందించే బాధ్యత కళా దర్శకుడి విభాగానిది. అక్కడ ఇది జీవనోపాధి, ఇంట్లో చేసేవారికి అభిరుచి. పనిముట్లు ఇద్దరికీ దాదాపు ఒకటే. తేడా ఆధారాల దగ్గర వస్తుంది. కళా దర్శకుడి బల్లమీద డ్రాయింగ్ ఉంటుంది, ఇంట్లో కట్టేవారికి ఉన్న ఆధారమల్లా సినిమా ఒక్కటే. అందుకే ఈ కళకు కొలత పునాది. కోత, అతుకు, లప్పం, రంగు దాని తర్వాతి మెట్లు.

హైదరాబాదులో ఈ పనికి కావలసిన వస్తువుల్లో ఎక్కువ భాగం గౌలిగూడ చుట్టుపక్కల బజార్లలో నడిచి తెచ్చుకునే దూరంలో దొరుకుతాయి. అటు నాంపల్లిలో నాటకరంగం, ఇటు ధూల్‌పేటలో విగ్రహాల తయారీ ఉండడంతో వస్తువును చేత్తో తీర్చిదిద్దే అలవాటు కూడా ఈ ప్రాంతానికి కొత్తది కాదు. ఈ వ్యాసం ఆ పరిసరాలను దృష్టిలో పెట్టుకొని విషయాన్ని వివరిస్తుంది.

పద్ధతులు, పరిధి

ప్రతిరూపం తయారీకి మూడు దారులున్నాయి. మొదటిది ఒట్టి షీటు, గొట్టం, కడ్డీ నుంచి ప్రతి భాగాన్నీ చేత్తో కోసి కట్టడం. రెండోది దొరికే బొమ్మలు, కిట్లు, పాత పరికరాల భాగాలను కలిపి కొత్త రూపం తేవడం. మూడోది కంప్యూటర్‌లో రూపం గీసి త్రీడీ ప్రింటర్‌తో అచ్చు తీయడం. ఆచరణలో చాలామంది ఈ మూడింటినీ కలుపుతారు. చదునైన పలకలు, పెట్టెలు, కోణాలు ఉన్న వస్తువుకు షీటు పద్ధతి చవకగా, వేగంగా సాగుతుంది. నగిషీ ఎక్కువగా ఉన్న కిరీటం వంటి వాటికి అచ్చు తీయడమో ముద్దతో తీర్చడమో మేలు.

చిత్రీకరణలో ఒకే వస్తువుకు చాలాసార్లు రెండు మూడు రూపాలు తయారవుతాయి. కెమెరాకు దగ్గరగా చూపే రూపంలో వివరాలు పూర్తిగా ఉంటాయి. పోరాట దృశ్యాల కోసం అదే వస్తువును రబ్బరుతోనో ఫోముతోనో తేలిగ్గా చేస్తారు. వెనక వరుసల్లో కనిపించేవాటిలో ముందువైపు మాత్రమే తీర్చి వదిలేస్తారు. ప్రతిరూపం కట్టదలచినవారు తాము ఏ రూపాన్ని అనుసరిస్తున్నారో ముందే తేల్చుకోవాలి. రెండు దృశ్యాల్లో ఒకే కత్తి రెండు కొలతల్లో కనిపించడానికి ఇదే కారణం కావచ్చు.

తెలుగు రంగస్థలం నుంచి తెర వరకు

బరువు తగ్గించి రూపాన్ని నిలబెట్టే విద్య తెలుగు ప్రదర్శన కళలకు పాతదే. చిందు యక్షగాన కళాకారుల కిరీటాలు, భుజకీర్తులు తేలికైన పొనికి కర్రతో తయారై, రంగు కాగితాలతో మెరుపు తెచ్చుకుంటాయి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో ముసుగులు తీర్చుతారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక సమాజాల్లో తెరలు, ఆయుధాలు, గాలిలో ఎగిరే పాత్రలకు కావలసిన తీగల అమరిక అన్నీ కుటుంబ సభ్యులే చూసుకుంటూ వచ్చారు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణం వేదికమీద సురభి నాటకాలు చూసిన తరాలు హైదరాబాదులో ఉన్నాయి.

సినిమాలో ఈ విద్య పెద్ద స్థాయికి ఎదిగింది. కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) రెండింటికీ గోఖలే, కళాధర్ కళా దర్శకులు. ‘మాయాబజార్’లో కనిపించే ద్వారకా నగరం కోసం సుమారు 60 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు స్థలంలో దాదాపు 300 చిన్న ఇళ్లు కట్టి, వాటికి విద్యుద్దీపాలు అమర్చారు. మార్కస్ బార్ట్లే కెమెరా ఆ నమూనాను నిజమైన నగరంగా చూపించింది. అదే సినిమాలోని ప్రియదర్శిని పేటిక, తెరిచి చూసినవారికి వారివారి ప్రియమైనదాన్ని చూపే పెట్టె, తెలుగువారికి అత్యంత పరిచితమైన సినిమా వస్తువుల్లో ఒకటి. ఈనాడు ఈ పనికి వాడే షీట్ల ముడిసరుకు పాలిస్టైరీన్ ఉత్పత్తి భారతదేశంలో మొదలైంది కూడా 1957లోనే. అంటే ఆ పేటికను చేసిన చేతులకు ఈనాటి ప్లాస్టిక్ షీటు అందే కాలం అప్పటికి ఇంకా రాలేదు.

1991లో విడుదలైన సింగీతం శ్రీనివాసరావు చిత్రం ‘ఆదిత్య 369’ కాలయంత్రాన్ని తెలుగు ప్రేక్షకులకు దగ్గర చేసింది. 2015 నాటి ‘బాహుబలి: ది బిగినింగ్’కు సాబు సిరిల్ నిర్మాణ రూపకల్పన చేశారు. సైనికుల కవచాలకు లోహం బదులు తోలు, వంగే ఫోము వాడారు. కత్తులు తేలిగ్గా ఉండేందుకు కార్బన్ ఫైబర్‌తో చేశారు. భల్లాలదేవుని భారీ విగ్రహం తల తయారీలో త్రీడీ ప్రింటింగ్ సాయపడింది. 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ కోసం ‘బుజ్జి’ అనే వాహనాన్ని మహీంద్రా, కోయంబత్తూరుకు చెందిన జయం ఆటోమోటివ్స్ తోడ్పాటుతో నిజంగా నడిచేలా నిర్మించారు. పొనికి కర్ర నుంచి కార్బన్ ఫైబర్ దాకా పదార్థాలు మారాయి. తేలికగా ఉండాలి, దూరం నుంచి నిజమనిపించాలి అన్న రెండు నియమాలు మాత్రం అలాగే నిలిచాయి.

ప్రపంచ సినిమాలో ప్లాస్టిక్

స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968)లోని డిస్కవరీ నౌక పెద్ద నమూనా పొడవు సుమారు 54 అడుగులు. దాని ఉపరితలం మీది సన్నని వివరాలకు అంగట్లో దొరికే ప్లాస్టిక్ కిట్ల భాగాలు వాడారు. ‘స్టార్ వార్స్’ (1977) బృందం ఈ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. యుద్ధ ట్యాంకులు, ఓడల కిట్లు విడదీసి, ఆ ముక్కలను అంతరిక్ష నౌకల ఒంటినిండా అతికించారు. అదే చిత్రంలో ల్యూక్ స్కైవాకర్ చేతిలోని కాంతి ఖడ్గం పిడి, పాత గ్రాఫ్లెక్స్ కెమెరాల ఫ్లాష్ గొట్టం. దానిని వెతికి పట్టినవారు సెట్ అలంకర్త రోజర్ క్రిస్టియన్. ఇలాంటి వస్తువుకు ప్రతిరూపం కట్టేటప్పుడు మూలవస్తువు పేరు తెలిస్తే సగం కొలతలు తెలిసినట్టే.

గౌలిగూడ పరిసరాల్లో సామగ్రి

గౌలిగూడకు ఆనుకొని కోఠి, ట్రూప్ బజార్ ఉన్నాయి. కాస్త అవతల బేగంబజార్, ఇంకోవైపు అబిడ్స్, నాంపల్లి. ట్రూప్ బజార్ హార్డ్‌వేరుకు, విద్యుత్ సామానుకు, శానిటరీ సరుకుకు పేరుపొందింది. పీవీసీ గొట్టాలు, మూతలు, జాయింట్లు, స్క్రూలు, స్ప్రే డబ్బాలు, ఎం-సీల్, వాటర్ పేపరు ఇలాంటి దుకాణాల్లో దొరికే సరుకులు. కత్తి పిడికైనా, తుపాకి గొట్టానికైనా, యంత్రం కాలికైనా పీవీసీ గొట్టం మంచి అస్థిపంజరం. కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ వస్తువుల బజారు. ఎల్ఈడీలు, రెసిస్టర్లు, స్విచ్చులు, బ్యాటరీ పెట్టెలు, పనికిరాని బోర్డులు కావలసినవారు వెళ్లాల్సింది అక్కడికే. బేగంబజార్ టోకు బజారు. బొమ్మలు, ప్లాస్టిక్ డబ్బాలు, అలంకరణ సామాను కొనేవారికి చిన్నచిన్న వివరాల గని. అబిడ్స్ కాలిబాటల మీద ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో సినిమా పత్రికలు, కళా పుస్తకాలు ఆధారాలుగా ఉపయోగపడతాయి. పెద్ద పనిముట్లు, పారిశ్రామిక సరుకు కావాలంటే సికింద్రాబాదు రాణిగంజ్ వెళ్లాలి.

ప్లాస్టిక్ షీట్ల విషయంలో బోర్డులు తయారుచేసే దుకాణాలు ముఖ్యమైనవి. అక్కడ మిగిలిపోయే సన్‌బోర్డు, యాక్రిలిక్ ముక్కలు చిన్న వస్తువుకు సరిపోతాయి. మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం వంటి చోట్ల వాస్తుశాస్త్ర విద్యార్థులు భవన నమూనాలు కట్టే పదార్థం కూడా ఇదే సన్‌బోర్డు. కాబట్టి ఈ పని నేర్పగలవారు ఆ విద్యార్థుల్లోనూ కనిపిస్తారు.

వినాయక చవితి మండపాలు ఈ కళకు నగరంలో ఉన్న అతి పెద్ద బహిరంగ వేదిక. ‘బాహుబలి’ తర్వాత మాహిష్మతి కోటలు, ఆ చిత్రంలోని భంగిమల్లో గణపతులు వీధివీధినా వెలిశాయి. బస్తీ యువకులు థర్మకోల్ కోసి స్తంభాలు, ద్వారాలు నిలిపేవారు. 2022 జులై 1 నుంచి అలంకరణకు వాడే థర్మకోల్‌ను కేంద్ర ప్రభుత్వం నిషేధించడంతో ఆ పని అట్ట, గుడ్డ, వెదురు, ప్లైవుడ్ వైపు మళ్లాల్సి వచ్చింది. ఇంట్లో ప్రతిరూపం కట్టేవారు కూడా ఈ నిబంధన తెలుసుకొని పదార్థం ఎంచుకోవాలి.

షీట్ల రకాలు

హై ఇంపాక్ట్ పాలిస్టైరీన్ ఈ పనికి అన్నిటికంటే అనువైన షీటు. మామూలు పాలిస్టైరీన్ గాజులా పెళుసు. దానికి రబ్బరు కలపడం వల్ల దెబ్బ తట్టుకునే గుణం వస్తుంది. కట్టర్ బ్లేడుతో గాటు పెట్టి విరిస్తే తిన్నగా విరుగుతుంది, ద్రావకంతో గట్టిగా అతుకుతుంది. సాంద్రత ఘనపు సెంటీమీటరుకు సుమారు 1.05 గ్రాములు. అంటే 2 మి.మీ. మందం ఉన్న చదరపు మీటరు షీటు సుమారు 2.1 కిలోలు తూగుతుంది. దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది కాబట్టి ఎండలో నిలిపిన కారులో పూర్తయిన వస్తువును వదిలేయకూడదు.

ఏబీఎస్ ఇంకా గట్టిది, వేడికి కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. హెల్మెట్లు, పరికరాల పెట్టెలు దీనితో తయారవుతాయి. పదే పదే చేతిలో పట్టుకునే వస్తువుకు ఇది మంచి ఎంపిక. యాక్రిలిక్ పారదర్శకంగా ఉంటుంది. సాంద్రత సుమారు 1.19. కిటికీలు, వెలుగు పలకలు, రత్నాలకు వాడతారు. దెబ్బ తగిలితే పగులుతుంది.

సన్‌బోర్డు పేరుతో దొరికే పీవీసీ ఫోము షీటు లోపల సన్నని గాలి బుడగలుంటాయి. అందుకే మందంగా ఉన్నా తేలిక. 3, 5 మి.మీ. షీట్లు కట్టర్‌తోనే తెగుతాయి. పెద్ద వస్తువుల అస్థిపంజరానికి, కవచాలకు ఇది సరైనది. కోసిన అంచు మాత్రం గరుకుగా కనిపిస్తుంది, లప్పంతో మూయాలి. సన్‌ప్యాక్ అని పిలిచే గీతల పాలిప్రొపిలీన్ షీటుకు ద్రావకం, మామూలు జిగురు, రంగు ఏవీ సరిగా పట్టవు. నమూనా కొలత చూసుకోవడానికి తప్ప తుది పనికి అది పనికిరాదు.

కొలతలు రాబట్టడం

సినిమా దృశ్యం నుంచి కొలత తీయడానికి మూడు షరతులున్నాయి. వస్తువు కెమెరాకు సూటిగా ఎదురుగా ఉన్న ఫ్రేము ఎంచుకోవాలి. దానిపక్కనే, అదే దూరంలో, పరిమాణం తెలిసిన మరో వస్తువు ఉండాలి. ఫ్రేము వెడల్పు సాగకుండా ఉండాలి.

చివరి షరతును చాలామంది మరిచిపోతారు. పాత చిత్రాల చతురస్రానికి దగ్గరైన ఫ్రేమును ఈనాటి వెడల్పు టీవీకి సాగదీస్తే ప్రతి వస్తువూ అడ్డంగా మూడోవంతు పెరుగుతుంది. దృశ్యంలో చక్రమో పళ్లెమో ఎదురుగా కనిపిస్తే దాని ఎత్తు, వెడల్పు కొలిచి చూడాలి. రెండూ సమానమైతే ఫ్రేము నమ్మదగినది.

ఇక లెక్క. పేటికమీద నటి అరచేయి ఆనించిన ఫ్రేము ఒకటి దొరికిందనుకుందాం. అరచేయి వెడల్పు తెరమీద 42 చుక్కలు, పేటిక వెడల్పు 160 చుక్కలు. పెద్దవారి అరచేయిని 80 మి.మీ.గా తీసుకుంటే ఒక్కో చుక్క విలువ సుమారు 1.9 మి.మీ. పేటిక వెడల్పు దాదాపు 305 మి.మీ. అవుతుంది. ఇలా కనీసం నాలుగైదు ఫ్రేముల నుంచి తీసి సగటు కట్టాలి. ఒక ఫ్రేము ఫలితం మిగతావాటికి బాగా దూరంగా ఉంటే, అందులో వస్తువు వాలుగా ఉందనో, కెమెరాకు దగ్గరగా వచ్చిందనో గుర్తించి ఆ ఫ్రేమును పక్కన పెట్టాలి.

రంగు తేల్చడం మరో సమస్య. నలుపు తెలుపు చిత్రంలో ఎరుపు, ఆకుపచ్చ ఒకే బూడిద ఛాయలో కనిపించవచ్చు. ‘మాయాబజార్’ రంగుల రూపాన్ని హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ తయారుచేయగా అది 2010 జనవరి 30న విడుదలైంది. అందులో వస్తువులకు వేసిన రంగులు ఆ బృందం శ్రద్ధగా చేసిన ఎంపికలు. 1957లో సెట్టుమీద ఉన్న అసలు రంగులకు వాటిని సాక్ష్యంగా తీసుకోలేం. ప్రియదర్శినిని కట్టేవారు ఏ రూపాన్ని అనుసరించారో చెప్పి తీరాలి.

కొలతలు తేలాక నాలుగు వైపుల నుంచి డ్రాయింగ్ గీసి, ముందు అట్టతో ఒక నమూనా చేయడం మంచి పద్ధతి. చేతిలో పట్టుకొని, సినిమాలో పట్టుకున్నట్టే నిలబడి, ఫొటో తీసి ఫ్రేముతో పోల్చాలి. తప్పు అట్టలో దొరికితే నష్టం ఏమీ లేదు.

కోత, అతుకు

పాలిస్టైరీన్ షీటును పూర్తిగా తెగేదాకా కోయనక్కరలేదు. స్టీలు స్కేలు ఆనించి, కట్టర్‌తో రెండు మూడుసార్లు ఒకే గాటు పెట్టి, గాటు పైవైపు తెరుచుకునేలా వెనక్కి వంచితే తిన్నగా విరుగుతుంది. 2 మి.మీ. వరకు ఇలా సులువు. అంతకు మించిన మందానికి సన్నపళ్ల రంపం కావాలి. అంచును ఆకురాయితో సరిచేసి, మూలమట్టంతో లంబకోణం చూసుకోవాలి. మొదటి మూల ఒక డిగ్రీ తప్పినా నాలుగో మూల దగ్గర పెట్టె మూసుకోదు.

షీటు మందాన్ని లెక్కలో కలపడం తప్పనిసరి. 305 మి.మీ. వెడల్పు పెట్టెను 2 మి.మీ. షీటుతో కడుతున్నప్పుడు, పక్కపలకల మధ్య ఇమిడే పలక వెడల్పు 301 మి.మీ. మాత్రమే ఉండాలి. ఏ పలక బయటికి వస్తుందో, ఏది లోపల ఇముడుతుందో డ్రాయింగ్‌లోనే రాసుకోవాలి. అతుకు గీతను కంటికి తక్కువ కనిపించే వైపు పెట్టడం పనితనానికి గుర్తు.

పాలిస్టైరీన్, ఏబీఎస్, యాక్రిలిక్ పలకలను అతికించేది ద్రావకం. రెండు ముక్కలు దగ్గరగా పట్టుకొని సన్నని కుంచెతో అతుకు దగ్గర తాకిస్తే, ద్రావకం సందులోకి దానంతట అదే పాకి రెండు అంచులనూ కరిగిస్తుంది. ద్రావకం ఆవిరయ్యాక రెండు ముక్కలూ ఒకే ప్లాస్టిక్ అవుతాయి. పూర్తి బలం రావడానికి ఒక రోజు వదిలేయాలి. అన్ని వైపులా మూసిన పెట్టెలో ఆవిరి చిక్కుకుంటే కొద్ది రోజులకు పలకలు వంకరపోతాయి. అందుకే కనిపించని చోట ఒక బెజ్జం పెడతారు. లోపలి మూలల వెంట సన్నని పట్టీలు, వెడల్పు పలకల వెనక అడ్డపట్టీలు అతికిస్తే పెట్టె గట్టిపడుతుంది.

సన్‌బోర్డుకు ఫెవిక్విక్ తరహా జిగురు బాగా పడుతుంది. సందులో వంటసోడా చల్లి ఆ జిగురు చుక్క వేస్తే క్షణాల్లో గట్టిపడి, చిన్న ఖాళీలు కూడా పూడుతాయి. లోహాన్ని ప్లాస్టిక్‌కు కలపాలంటే అరల్డైట్ వంటి రెండు భాగాల జిగురు నమ్మదగినది.

వంపులు

ఒకే దిక్కుగా తిరిగే వంపును షీటుతోనే తేవచ్చు. పలుచని పాలిస్టైరీన్‌ను గొట్టానికి చుట్టి, టేపు వేసి, మరిగిన నీటిలో కాసేపు ముంచి చల్లార్చితే వంపు నిలుస్తుంది. పీవీసీ ఫోముకు వేడిగాలి చాలు. గోళం, శిరస్త్రాణం వంటి అన్ని దిక్కుల వంపులకు వాక్యూమ్ ఫార్మింగ్ కావాలి. ముందు కర్రతోనో ప్లాస్టర్‌తోనో దిమ్మ చెక్కుతారు. షీటును చట్రంలో బిగించి, సాగేంత వేడిచేసి, దిమ్మమీద దించి, కింది నుంచి గాలి పీల్చేస్తారు. దిమ్మ పక్కలు 3 నుంచి 5 డిగ్రీలు ఏటవాలుగా లేకపోతే చల్లారిన షీటు ఊడి రాదు. ‘స్టార్ వార్స్’ సైనికుల శిరస్త్రాణాలు ఈ పద్ధతిలో తయారైనవే.

లప్పం, రంగు, ముస్తాబు

ప్లాస్టిక్ వస్తువు నిజమైన వస్తువుగా మారేది ఈ దశలో. సందులకు లప్పం పెట్టి, ఆరాక 180 నంబరు కాగితంతో మొదలుపెట్టి 320, 400, 600 నంబర్ల వాటర్ పేపరుతో తడిపి రుద్దాలి. తర్వాత బూడిద రంగు ప్రైమరు పలుచగా కొడితే కంటికి కనబడని గీతలన్నీ బయటపడతాయి. మళ్లీ లప్పం, మళ్లీ రుద్దుడు. ఓపిక ఇక్కడ ఖర్చుపెట్టినవారి పని దూరం నుంచే తెలిసిపోతుంది.

బంగారు పూతకు కింద నున్నటి నలుపు వేస్తే లోతు వస్తుంది. ఇనుముగా కనిపించాలంటే ముదురు రంగు వేసి, దాదాపు ఆరిపోయిన కుంచెతో అంచులమీద వెండి రంగు తాకించాలి. చేతులు తగిలే చోట అరుగుదల, మూలల్లో మురికి చూపిస్తే వస్తువుకు వయసు వస్తుంది. అరుగుదల ఎక్కడ ఉండాలో సినిమా ఫ్రేమే చెబుతుంది.

హైదరాబాదులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ. ఆ రోజుల్లో లాకర్ రంగు కొడితే పైన తెల్లటి పొర కమ్మే ప్రమాదముంది. వాన వెలిసి, ఎండ కాసిన పూటే రంగు పని పెట్టుకోవాలి. థర్మకోల్‌మీద స్ప్రే రంగు నేరుగా కొడితే అందులోని ద్రావకం దాన్ని కరిగించేస్తుంది. ముందు ఫెవికాల్ పూత వేసి ఆరనివ్వాలి.

వెలుగు అమర్చడం తేలిక. 9 వోల్టుల బ్యాటరీకి ఒక ఎరుపు ఎల్ఈడీ పెడితే, ఎల్ఈడీ వాడుకునే 2 వోల్టులు పోగా 7 వోల్టులు మిగులుతాయి. ప్రవాహాన్ని 20 మిల్లీ ఆంపియర్లకు పరిమితం చేయాలంటే 350 ఓములు కావాలి. బజారులో దొరికే 390 ఓముల రెసిస్టరు సరిపోతుంది. బ్యాటరీ మార్చడానికి తెరుచుకునే మూతను పెట్టె కట్టేటప్పుడే ఏర్పాటు చేసుకోవాలి.

ఆరోగ్యం, భద్రత

గౌలిగూడ వంటి పాత బస్తీల ఇళ్లలో గదులు చిన్నవి, గాలి తక్కువ. ద్రావకం, స్ప్రే పనులు మేడమీదే చేయాలి. యాక్రిలిక్ అతికించడానికి వాడే డైక్లోరోమీథేన్ ఆవిరి ఊపిరి ద్వారా ఒంట్లోకి చేరితే అక్కడ కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో దాని వాడకాల్లో అధిక భాగాన్ని నిషేధించింది. క్లోరోఫాం కూడా ప్రమాదకరమే. మూసిన గదిలో, పిల్లలున్న చోట వీటిని తెరవనే కూడదు. పొయ్యి, దీపం, అగరుబత్తి దగ్గర ఏ ద్రావకాన్నీ ఉంచకూడదు.

పీవీసీని కాల్చినా, వేడి తీగతో కోసినా, లేజరుతో కోసినా హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. కత్తితో, రంపంతో మాత్రమే కోయాలి. పొడి రుద్దుడుకు ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. ఫెవిక్విక్ తరహా జిగురు నూలు గుడ్డమీద ఒలికితే చర్మం కాలేంత వేడి పుడుతుంది కాబట్టి దాన్ని గుడ్డతో తుడవకూడదు. బ్లేడు మొద్దుబారగానే మార్చాలి. మొద్దు బ్లేడుకు బలం ఎక్కువ పెట్టాల్సి వచ్చి చేయి జారుతుంది. మిగిలిన ముక్కలను కాల్చకుండా రకాలవారీగా వేరుచేసి పాత సామానువారికి ఇవ్వాలి.

చట్టం

భారత ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగుతో చేసిన కత్తులు, బల్లేలు వంటివి ఆయుధాలుగా లెక్కకు వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి ఉద్దేశించినవాటికి మినహాయింపు ఉంది. ప్రతిరూపానికి పదును, లోహపు అలుగు లేకుండా చూసుకోవడం క్షేమం. 1959 నాటి ఆయుధాల చట్టం 6వ సెక్షను, లైసెన్సు లేకుండా నకిలీ తుపాకిని పేలే తుపాకిగా మార్చడాన్ని నిషేధిస్తుంది. నమూనా తుపాకిని బహిరంగంగా చేతపట్టుకొని తిరగడం చూసేవారికి భయం కలిగిస్తుంది. విమాన క్యాబిన్‌లోకి వాటిని అనుమతించరు. బయట ఎక్కడికైనా పెట్టెలో పెట్టి తీసుకెళ్లడం కనీస మర్యాద.

సొంత సంతోషానికి ఒకటి కట్టుకోవడానికీ, చేసి అమ్ముకోవడానికీ చట్టం దృష్టిలో తేడా ఉంది. అమ్మకానికి దిగేముందు హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. బ్రిటన్‌లో ‘స్టార్ వార్స్’ శిరస్త్రాణం ప్రతిరూపాల అమ్మకంపై నడిచిన కేసులో, అది శిల్పం కిందికి రాదని, చిత్ర నిర్మాణంలో వాడిన ఉపయోగ వస్తువని అక్కడి సుప్రీంకోర్టు 2011 జులై 27న తీర్పునిచ్చింది. ఆ తీర్పు బ్రిటన్ చట్టానికి సంబంధించినది. భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం, 2000 నాటి డిజైన్ల చట్టం వర్తిస్తాయి.

ప్రాధాన్యం

గౌలిగూడలో నిజాం కాలం నుంచి బస్టాండుగా వాడిన ఉక్కు హ్యాంగరు 2018 జులై 5న కూలిపోయింది. 1932లో 27 బస్సులతో మొదలైన ప్రభుత్వ రవాణా చరిత్రకు సాక్షిగా నిలిచిన కట్టడం అది. కొలిచి గీసిన డ్రాయింగులు, ఫొటోలు ఉంటేనే ఇలాంటి కట్టడాన్ని తర్వాతి తరం నమూనాగానైనా చూడగలుగుతుంది. సినిమా వస్తువుల ఆయుష్షు ఇంకా తక్కువ. అవి కొన్ని రోజుల చిత్రీకరణ కోసం పుడతాయి. పని ముగిశాక విప్పేస్తారు, మరో సినిమాకు మార్చేస్తారు, లేదా గోదాములో పాడైపోతాయి. గోఖలే, కళాధర్‌ల తరం చేతి పనిలో మనకు మిగిలింది చాలావరకు తెరమీది రూపమే.

అందువల్ల ఇంట్లో ఓపికగా కట్టిన ప్రతిరూపానికి అలంకరణ వస్తువును మించిన విలువ ఉంది. ఒక వస్తువును ఫ్రేము ఫ్రేముగా కొలిచినవారు దాని నిర్మాణాన్ని అర్థం చేసుకుంటారు. ఏ పలక ఎక్కడ అతికిందో, ఏ వంపు ఎలా వచ్చిందో, బరువు ఎక్కడ తగ్గించారో వారికి చేతి ద్వారా తెలుస్తుంది. ఆ జ్ఞానం మరెక్కడా రాసి లేదు. అయితే కొలతకూ ఊహకూ మధ్య గీత చెరిగిపోతే ప్రతిరూపం తర్వాతివారిని తప్పుదారి పట్టిస్తుంది. వస్తువుతోపాటు ఒక కాగితం కూడా ఉండాలి. ఏ సినిమా, ఏ దృశ్యం, ఏ ఫ్రేముల నుంచి కొలతలు తీశారు, ఏది కొలిచినది, ఏది ఊహించినది, ఏ షీటు, ఏ జిగురు, ఏ రంగు వాడారు అన్నవి అందులో రాయాలి.

నిర్మాణ సంస్థలు, కళా దర్శకులు కూడా వస్తువును విప్పేముందు నాలుగు వైపుల నుంచి స్కేలు పెట్టి ఫొటోలు తీసి, డ్రాయింగులు భద్రపరచాలి. తెలుగు విశ్వవిద్యాలయం వంటి రంగస్థల కళలు బోధించే సంస్థలు వాటిని సేకరించి విద్యార్థులకు అందుబాటులో పెట్టాలి. ఒక వస్తువుకు ఒక రోజు పని చాలు, ఖర్చు దాదాపు లేదు. ఈ పని ఇప్పుడే మొదలైతే రాబోయే తరం ప్రతిరూప నిర్మాతలకు ఊహించాల్సిన అవసరం తగ్గుతుంది.